నిద్రపోతూ నేర్చుకున్న భాష

ఆ రోజు ఉదయం స్టూలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు రంగుల కంపెనీ ఆఫీసుకి వెళ్లాలి. లిఫ్టు కటకటాల తలుపుకి నూనె పెట్టాలి. తనిఖీకి వచ్చే విదేశీ ఇంజనీరుని ఎక్కించుకుని, ఎక్కడా ఆగకుండా అయిదో అంతస్తుకి చేర్చాలి. దింపేటప్పుడు ఆయన భాషలోనే మూడు ముక్కలు చెప్పాలి: ఈ లిఫ్టు వయసు ముప్ఫై ఏళ్లు, ఇంతవరకు ఎవరినీ కింద పడెయ్యలేదు, దయచేసి దీన్ని తీసెయ్యకండి.

ఇరవై రెండేళ్లుగా ఆ లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మనుషుల్ని పైకీ కిందికీ మోస్తున్నాడు కాబట్టి ఆయనకా పేరు. లిఫ్టు పనికిరాదని ఇంజనీరు రాశాడంటే, తలుపులు వాటంతటవే మూసుకునే కొత్త లిఫ్టు వస్తుంది. దానికి స్టూలూ అక్కర్లేదు, స్టూలాయనా అక్కర్లేదు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది.

"మూడు ముక్కలూ వచ్చాయా?" అని అడిగింది భార్య, భోజనం డబ్బా చేతికిస్తూ.

"రాలేదు."

"రెండు నెలల్నుంచి ఆ ఫోన్ పట్టుకుని ఏం చేస్తున్నట్టు?"

"నేర్చుకున్నానే. కాకపోతే వేరేవి వచ్చాయి."

ఫోన్‌లో ఆ యాప్ పెట్టిచ్చింది ఆవిడే. పుస్తకం లేదు, పంతులు లేడు. ఆ దేశపు మనుషులు మాట్లాడుకునే చిన్న చిన్న వీడియోలు చూస్తూ, వాళ్లతో పాటు పలకడమే చదువు. ఏ వీడియో ఎక్కువసేపు చూస్తే అలాంటివే ఇంకా చూపిస్తుంది. మొదటి రోజు బజారు పాఠం, రెండో రోజు రైలు పాఠం బాగానే నడిచాయి. మూడో రోజు భోజనం చేసి, లిఫ్టులో ఆస్పత్రి పాఠం పెట్టుకుని, గోడకి తల ఆనించి గంటన్నర నిద్రపోయాడు. ఆ గంటన్నరా వీడియో తిరుగుతూనే ఉంది. ఈయనకి ఆస్పత్రులంటే ప్రాణమని యాప్ తీర్మానించుకుంది.

ఆనాటి నుంచి ఆస్పత్రి తప్ప మరొకటి చూపిస్తే ఒట్టు. ఇంజెక్షన్లు, కట్లు, ఆపరేషన్లు, ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఏడ్చే చుట్టాలు. స్టూలాయన పట్టిన పట్టు వదిలే రకం కాదు. ఇచ్చిన పాఠమల్లా కంఠస్థం చేసి, వీడియోలోని పెద్ద డాక్టరు గొంతుతో సహా పట్టేశాడు.

"పోనీ, నోరు మెదపకుండా నవ్వుతూ నిలబడండి. అదే నయం," అంది ఆవిడ.

అలాగే చేసేవాడు కూడా. కానీ ఆఫీసుకొచ్చి తలుపుకి నూనె పెడుతూ, అలవాటు కొద్దీ నిన్నటి పాఠం వల్లె వేసుకున్నాడు. వెనకే వస్తున్న మేనేజరు చెవిన అది పడింది. రావలసిన దుబాసీకి జ్వరమొచ్చిందని పది నిమిషాల క్రితమే ఫోనొచ్చి, ఆయన తల పట్టుకుని తిరుగుతున్నాడు.

"పెద్దాయనా, మీకు ఆ భాష వచ్చా?"

"కొంచెం సార్. కానీ..."

"కానీ గీనీ ఏం లేదు. ఇవాళ మీరే దుబాసీ."

నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. అయితే ఇంజనీరు పక్కనే నిలబడితే, సైగలతోనైనా లిఫ్టు గురించి నాలుగు మాటలు చెప్పుకోవచ్చన్న ఆశ నోరు నొక్కేసింది. ఖాకీ చొక్కా నిండా నూనె మరకలని, రంగులు పరీక్షించే గదిలోంచి ఓ తెల్లకోటు తెప్పించి తొడిగించాడు మేనేజరు.

సరిగ్గా తొమ్మిదింటికి ఇంజనీరు వచ్చాడు. కుంటుతూ వచ్చాడు. అదేం చోద్యమో గాని, లోకంలోని లిఫ్టులన్నీ తనిఖీ చేసే ఆ మనిషికి లిఫ్టెక్కాలంటే చచ్చేంత భయం. వీలైనంతవరకు మెట్లే ఎక్కుతాడు. ముందురోజు ఓ పన్నెండంతస్తుల మేడ ఎక్కి మోకాలు పట్టేసింది.

"స్వాగతం చెప్పండి," అన్నాడు మేనేజరు.

"ఎక్కడ నొప్పి?" అన్నాడు స్టూలాయన, పెద్ద డాక్టరు గొంతుతో.

ఇంజనీరు నివ్వెరపోయాడు. చెప్పకుండానే ఎలా కనిపెట్టాడా అని తెల్లకోటు కేసి భక్తిగా చూసి, మోకాలి కథంతా ఏకరువు పెట్టాడు.

"ఏమంటున్నాడు?"

"మిమ్మల్ని చూసి సంతోషమంటున్నాడు సార్."

"ప్రయాణం సుఖంగా జరిగిందా అని అడగండి."

"పై గుండీ విప్పి, నాలుక బయటపెట్టండి," అన్నాడు స్టూలాయన. ఇంతకంటే మర్యాదైన వాక్యం ఆయన దగ్గర లేదు.

ఇంజనీరు గుండీ విప్పి నాలుక బయటపెట్టాడు. మేనేజరు గతుక్కుమన్నాడు. అంతలోనే, ఏ దేశపు పలకరింపు ఎలా ఉంటుందో మనకేం తెలుసులే అని సర్దుకుని, తానూ పై గుండీ విప్పి నాలుక బయటపెట్టాడు. మేనేజరే పెట్టాక మిగతావాళ్లు ఊరుకుంటారా? పూలగుత్తి పట్టుకున్న అకౌంటెంటు మొదలు గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా వరసగా అందరి నాలుకలూ బయటికొచ్చాయి.

ఈ ఆఫీసులో లిఫ్టెక్కే ముందు అందరికీ వైద్యపరీక్ష చేస్తారన్నమాట, అనుకున్నాడు ఇంజనీరు. అంటే లిఫ్టు ఎంత ప్రమాదమైనదో. ఆయనకి చెమట్లు పట్టాయి.

"వెంట బంధువులెవరైనా వచ్చారా?" అని అడిగాడు స్టూలాయన.

"లేదు," అన్నాడు ఇంజనీరు, పాలిపోయిన మొహంతో.

లిఫ్టు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. దుబాసీ మీటలు నొక్కితే ఏం బాగుంటుందని మేనేజరే వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

"సార్, మూడో అంతస్తు దాటాక ఆ తలుపుని..."

"మీట నొక్కడం నాకు నేర్పకండి. మీరు ఆయన్ని చూసుకోండి."

ఆ తలుపు సంగతి స్టూలాయనకొక్కడికే తెలుసు. మూడో అంతస్తు దాటగానే తలుపు వెంట్రుకవాసి సందు ఇస్తుంది. సందిస్తే లిఫ్టు ఆగుతుంది. ఆ క్షణాన ఎడమ మోచేత్తో ఒకానొక చోట నొక్కి పట్టాలి. ఇరవై రెండేళ్లుగా ఆయన ఎడమ మోచెయ్యి చేస్తున్న ఉద్యోగం అదే. మేనేజరు మోచెయ్యికి ఆ అనుభవం లేదు. లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య నిలబడిపోయింది.

ఇంజనీరు కెవ్వుమని స్టూలాయన ఎడమచేతిని రెండు చేతులతో వాటేసుకున్నాడు. మేనేజరు తలుపుని ఎనిమిది చోట్ల నొక్కాడు. అది ఉలకదు, పలకదు. కావలసింది ఎడమ మోచెయ్యి. అదేమో ఉడుంపట్టులో ఉంది.

"భయపడకండి. గట్టిగా ఊపిరి పీల్చండి. వదలండి," అన్నాడు స్టూలాయన.

ఇంజనీరు పీల్చి వదిలాడు గాని చెయ్యి వదల్లేదు.

"చిన్న సూది. చీమ కుట్టినట్టుంటుంది."

పట్టు ఇంకా బిగిసింది.

"రోజుకి మూడు మాత్రలు, భోజనమయ్యాక."

లాభం లేదు. పావుగంటయ్యేసరికి రెండు నెలల చదువూ అయిపోయింది. మిగిలింది ఒకే ఒక్క వాక్యం. చివరి పాఠంలో పెద్ద డాక్టరు బెంచీ దగ్గరికొచ్చి చెప్పేది. అది వినగానే చుట్టాలేం చేస్తారో స్టూలాయన వందసార్లు చూశాడు. ఉద్యోగం ఎలాగూ పోయినట్టే, కనీసం మనుషుల్నైనా పైకి చేరుద్దామనుకున్నాడు. కుడిచేత్తో కళ్లద్దాలు తీసి, తల దించుకుని అన్నాడు:

"మేం చెయ్యగలిగిందంతా చేశాం. ఇక మా చేతుల్లో ఏమీ లేదు."

ఇంజనీరు చెయ్యి వదిలేసి, రెండు చేతులతో మొహం కప్పుకుని భోరుమన్నాడు. అచ్చం వీడియోలోలాగే. స్టూలాయన మోచెయ్యి తన చోటికి వెళ్లింది. లిఫ్టు ఓసారి మూలిగి, మెల్లగా పైకి లేచింది.

అయిదో అంతస్తు వెలుతురు కళ్లపడగానే ఇంజనీరు చచ్చి బతికినవాడిలా స్టూలాయన్ని కావలించుకున్నాడు. చెప్పాల్సిన మూడు ముక్కలూ స్టూలాయనకి అప్పుడు గొంతుదాకా వచ్చాయి, తెలుగులో.

"ముప్ఫై ఏళ్ల లిఫ్టండీ ఇది. ఎవరినీ పడెయ్యలేదు. తీసెయ్యకండి," అన్నాడు ఇనుప గోడ నిమురుతూ. కళ్లనీళ్లు ఆగలేదు. ఇంజనీరు ఒక్క ముక్కా అర్థంకాక, అన్నిటికీ తలూపి, మెట్లమీదుగా దిగి వెళ్లిపోయాడు.

వారానికి నివేదిక వచ్చింది. మేనేజరు పిలిచి తెలుగులో చదివి వినిపించాడు. లిఫ్టు బొత్తిగా పనికిరాదు, వెంటనే తీసెయ్యాలి. అక్కడికే స్టూలాయన దణ్ణం పెట్టి గుమ్మం వైపు తిరిగాడు.

"ఆగండి, ఇంకా ఉంది," అన్నాడు మేనేజరు. "‘ప్రయాణికుల ప్రాణాల మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. కొత్త లిఫ్టులో కూడా ఆ డాక్టరుగారు ఉండి తీరాలి. ఆయన లేకపోతే లిఫ్టుకి అనుమతి లేదు.’"

కొత్త లిఫ్టు వచ్చింది. తలుపులు అవే తెరుచుకుంటాయి, అవే మూసుకుంటాయి, అంతస్తు పేరు కూడా అదే చెబుతుంది. మూలన స్టూలు మీద తెల్లకోటులో స్టూలాయన కూర్చుని ఉంటాడు. మోచేతికి పనిలేదు. అనుమతి పోతుందని మేనేజరు ఆ కోటు మాత్రం విప్పనివ్వడు.

ఏడాది తనిఖీకి మళ్లీ ఆ ఇంజనీరే వస్తాడట. ఈసారైనా నాలుగు మంచి మాటలు నేర్చుకోమని భార్య యాప్‌ని తుడిచేసి మొదటి నుంచి పెట్టిచ్చింది. స్టూలాయన శ్రద్ధగానే మొదలుపెట్టాడు గాని, కొత్త లిఫ్టు చల్లదనానికి మొన్న మధ్యాహ్నం ప్రసూతి పాఠం మధ్యలో రెండు గంటలు కునుకు పట్టింది.