మొసలి అవ్వ చావు

ఆ రోజు పొద్దున అరసున్న మూడు పనులు పెట్టుకున్నాడు. కూతురు బడి గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకంలో ఒక తప్పు దిద్దాలి. గడువు ఆ రోజుతో తీరిపోతుంది కాబట్టి పుస్తకాన్ని ఆమె సంచిలో పెట్టి పంపాలి. తొమ్మిదిన్నరకల్లా ప్రెస్సుకి చేరి, నెలరోజులుగా నలుగుతున్న నిఘంటువు ఆఖరి పేజీలు చూసి ఇవ్వాలి. ఇంత చిన్న జాబితాతో మొదలైన రోజు ఇంటి తలుపు విరగ్గొట్టేదాకా పోతుందని ఎవరూ అనుకోరు.

అరసున్న ఆయన అసలు పేరు కాదు. ఒక ప్రచురణ సంస్థలో పదిహేడేళ్లుగా ప్రూఫ్‌రీడరు. ఇప్పుడెవరూ రాయని అరసున్న కోసం ఒకసారి ఆఫీసులో గంటసేపు వాదించాడు, అప్పట్నుంచి ఆ పేరే స్థిరపడింది. ఎర్రసిరా పెన్ను ఆయన జేబులోంచి బయటికి రాని రోజు లేదు. ఇంటికొచ్చిన కరెంటు బిల్లునీ, మెట్ల దగ్గర అంటించిన నోటీసునీ కూడా దిద్దేవాడు. భార్య రాసిన సామాన్ల చీటీ దిద్ది ఇస్తే ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అంతకుముందు రోజు సాయంత్రమే అత్తగారి చిరునామాల పుస్తకం దిద్దాడు. ఆవిడ అలిగి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఇంట్లో ఆయన్ని భరించే ప్రాణి ఆరేళ్ల కూతురొక్కతే. రోజూ సాయంత్రం ఆరింటికి అరగంటసేపు ఆమెకు పుస్తకం చదివి వినిపించేవాడు. రోజు మొత్తంలో ఆయన కోసం ఎవరైనా ఎదురుచూసేది ఆ అరగంటే. రెండు నెలలుగా చదువుతున్నది మాత్రం ఒకటే పుస్తకం. ఒక ముసలి అవ్వ ఖాళీ బుట్టతో సంతకు వెళ్లి వస్తుంది, అంతే కథ. ఏడో పేజీలో మాత్రం కొమ్ముకు బదులు ఒత్వం పడి, "మొసలి అవ్వ నోరంతా తెరిచి నవ్వింది" అని అచ్చయింది.

"ముసలి అవ్వ నోరంతా తెరిచి నవ్వింది," అని చదివేవాడు ఆయన.

"మొసలి అవ్వ. అక్షరాలు చూసి చదువు నాన్నా!"

"అది అచ్చుతప్పమ్మా. ముసలి అని ఉండాలి."

"కాదు. ఈ పేజీలో అవ్వ మొసలైపోయింది. అందుకే కూరగాయలాయన బుట్ట పడేసి పారిపోతున్నాడు, చూడు. తర్వాతి పేజీలో మళ్లీ అవ్వైపోయింది. ఎవరికీ చెప్పలేదంతే."

బొమ్మలో కూరగాయలాయన పరుగెడుతున్న మాట నిజమే. వాన వస్తోందని పరుగెడుతున్నాడు. ఆ సంగతి చెబితే కూతురు వినేది కాదు. ఏడో పేజీ దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మాట కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేది. తండ్రి ప్రతిసారీ ముసలి అనే చదివేవాడు. ఆమె ప్రతిసారీ దిద్దేది. ఆ ఇంట్లో ఆయన్ని దిద్దే హక్కున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ పొద్దున, ఇంకో పిల్ల ఈ తప్పు నేర్చుకోకూడదనే సదుద్దేశంతో, ఆయన "మొ" మీద ఎర్రగీత గీసి పక్కన ముత్యంలా "ము" అని రాశాడు. సిరా ఆరిందాకా ఊదాడు కూడా. కూతురు పళ్లు తోముకుని వచ్చి, చివరిసారి చూసుకుంటానని పుస్తకం తెరిచింది.

"మొసలి అవ్వ ఏది?"

"ఇదిగో అవ్వ. ఇక్కడే ఉందిగా."

"ఈ అవ్వ కాదు. మొసలి అవ్వ."

"అసలు అలాంటిది లేదమ్మా. ఎప్పుడూ లేదు."

పిల్ల ఏడవలేదు. పుస్తకం మూసి, సంచిలో పెట్టుకుని, అమ్మమ్మ గదిలోకి వెళ్లి ఒక నిమిషం ఉండి వచ్చి, బడి వ్యాను ఎక్కింది.

ఏడుపు బడిలో వచ్చింది. టీచరమ్మ దగ్గరికి తీసుకుని అడిగింది.

"ఏమైందమ్మా?"

"మా అవ్వ చచ్చిపోయింది."

"అయ్యో! ఎప్పుడు?"

"పొద్దున్నే. మా నాన్న..." ఆ పైన మాటలన్నీ వెక్కిళ్లలో కలిసిపోయాయి.

టీచరమ్మ మనసు మెత్తన, చెయ్యి చురుకు. వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. ప్రూఫులు చూసేటప్పుడు ఆయన ఫోన్ ఆపేసి సొరుగులో పెడతాడు. అందుకని నేరుగా ప్రెస్సుకే చేసింది. యజమాని తీశాడు. రెండేళ్ల క్రితం తండ్రి స్థానంలోకి వచ్చిన కుర్రాడు. లేచి అరసున్న బల్ల దగ్గరికి వచ్చాడు.

"పెన్ను కింద పెట్టండి," అన్నాడు. పదిహేడేళ్లలో ఆ మాట ఆయనతో అన్నవాళ్లు లేరు. "ధైర్యం తెచ్చుకోండి. బడి నుంచి ఫోన్ వచ్చింది. మీ ఇంట్లో పెద్దావిడ పొద్దున పోయారటగా? పాప ఒకటే ఏడుపట. అంత జరిగితే మీరొచ్చి నిఘంటువు చూస్తున్నారా?"

అరసున్నకు అప్పుడు గుర్తొచ్చింది. అవును, అత్తగారు పొద్దున టీకి కూడా బయటికి రాలేదు. అలక అనుకున్నాడు. పాప ఆవిడ గదిలోకి వెళ్లి మాట్లాడకుండా వచ్చింది. చూసి కూడా చెప్పలేకపోయిందా పిచ్చితల్లి? తను పుస్తకంలో కొమ్ములు దిద్దుతూ ఆ సంగతే పట్టించుకోలేదు. ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసే భార్యకు ఫోన్ చేసి, "మీ అమ్మ..." అన్నాడు. అవతల ఫోన్ కింద పడిన చప్పుడు వినిపించింది.

ఇంటికి చేరేసరికి తలుపు లోపల గడియ వేసి ఉంది. పిలిచాడు, తట్టాడు, బాదాడు. జవాబు లేదు. కింద వాటాలో ఉండే వడ్రంగి గునపంతో వచ్చాడు. పక్కింటివాళ్లు వచ్చి తలా ఒక సలహా ఇచ్చారు. మూడో దెబ్బకు తలుపు ఊడి లోపలికి పడింది. దాని కింద ఒక ముక్కాలిపీటా, దాని మీదున్న అత్తగారి కళ్లజోడూ నలిగిపోయాయి. ఆ చప్పుడుకు స్నానాలగదిలో కుళాయి ఆగింది. తడితలకు తువ్వాలు చుట్టుకుని అత్తగారు బయటికి వచ్చి, నేల మీది తలుపునీ, గుమ్మంలో నిలబడ్డ జనాన్నీ చూసింది.

"ఏం అల్లుడూ, ఈ తలుపులో ఏం తప్పు కనిపించింది?"

అంతలోనే మెట్ల మీద నుంచి భార్య ఏడుపు వినిపించింది. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, తల్లిని చూసి, అక్కడే కూలబడింది. కాసేపటికి లేచి తల్లిని ముట్టుకుని చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఆ చూపును దిద్దే గుర్తు ప్రూఫ్‌రీడర్ల దగ్గర లేదు.

ఆవిడ నోరు విప్పేలోపే ప్రెస్సువాళ్లు దిగారు. ఎనిమిది మంది, ముందు యజమాని, చేతుల్లో తెల్లపూలు. మొహాలు వేలాడేసుకుని లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చున్న పెద్దావిడకు నమస్కారం పెట్టి ఓ పక్కన నిలబడ్డారు.

"ఎవరు పోయారు నాయనా?" అని అడిగింది అత్తగారు.

బైండింగాయన తల దించుకుని, "మీరేనండి," అన్నాడు.

"నాకొక్క మాటైనా చెప్పలేదే!"

టీచరమ్మ పాపను వెంటబెట్టుకుని వచ్చింది. ఎర్రబడ్డ కళ్లతో ఉన్న పిల్లను అందరూ ఒకేసారి అడిగారు: పోయిందెవరమ్మా? పాప వేలెత్తి తండ్రిని చూపించింది.

"అవ్వని నాన్నే చంపేశాడు."

వడ్రంగి గునపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పాప సంచిలోంచి పుస్తకం తీసి ఏడో పేజీ తెరిచింది. ఎర్రగీత మీద వేలు పెట్టి, "ఇక్కడ మొసలి అవ్వ ఉండేది," అంది. యజమాని వంగి చూశాడు. గీత కింది అక్షరాన్ని కూడబలుక్కుని పైకి చదివాడు. ముందు బైండింగాయన నవ్వాడు, తర్వాత టీచరమ్మ, తర్వాత అందరూ. యజమాని కళ్లు తుడుచుకుంటూ, "మొసలి అవ్వ నోరంతా తెరిచి నవ్వింది," అని రెండోసారి చదివాడు. అత్తగారు కూడా నోరంతా తెరిచే నవ్వింది. పాప మొహంలోకి వెలుగు తిరిగి వచ్చింది. ఆమె యజమాని పక్కకు జరిగి, పారిపోతున్న కూరగాయలాయన్ని చూపించడం మొదలుపెట్టింది.

అరసున్న ఒక్కడే నవ్వలేదు. తన కూతురు పరాయి మనిషి మోకాలికి ఆనుకుని తన పుస్తకం చూస్తోంది. విరిగిన తలుపు, భార్య చూపు, ఈ పరువు నష్టం, అన్నీ కలిసి ఆయన గొంతులోకి వచ్చాయి.

"నవ్వండి! ఇది పిల్లల పుస్తకమండీ. పిల్లలు చదువు నేర్చుకునే పుస్తకం. ఇందులో ఇంత తప్పు వదిలాడంటే వాడెవడో గానీ ఎర్రపెన్ను పట్టుకునే అర్హత లేనివాడు. మన ప్రెస్సులో అయితే ఆ రోజే ఇంటికి పంపేవాళ్లం. అవునా, కాదా?"

యజమాని నవ్వు ఆపాడు. బడివాళ్లు గట్టి అట్ట వేయించడంలో పుస్తకం మొదటి, చివరి కాగితాలు పోయాయి. ఆయన పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి బొమ్మలు పరిశీలనగా చూశాడు.

"ఇవి మా నాన్నగారి స్నేహితుడు వేసిన బొమ్మలు," అన్నాడు. "ఇది మనం వేసిన పుస్తకమే."

మర్నాడు పాత కాగితాల గదిలోంచి ఒక దుమ్ము కట్ట బయటికి వచ్చింది. ఆ పుస్తకం ఆఖరి ప్రూఫు అందులో ఉంది. ఏడో పేజీలో మొసలి అవ్వ చెక్కుచెదరకుండా నవ్వుతోంది. చివరి పేజీ అడుగున ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, "తప్పులు లేవు. అచ్చుకు ఇవ్వవచ్చు" అని ఉంది. కింద అరసున్న సంతకం. ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి నెల తేదీ.

ఆ నెలలో అలాంటి చిన్న పుస్తకాలు నలభై చూశాడు. ప్రూఫుల్లో బొమ్మలుండవు. నలభైలో ఒక్క కథా ఆయనకు గుర్తు లేదు. గుర్తుండడానికి ఆయన కథలెప్పుడూ చదవలేదు, అక్షరాలు చదివాడు.

"కొత్తగా చేరిన రోజులు సార్," అన్నాడు, కాగితం వైపు చూడకుండా.

"నేనేమీ అనడం లేదు," అన్నాడు యజమాని మర్యాదగా. "తప్పులు పట్టే యంత్రం కొందామంటే మీరేమనేవారు? ముసలీ సరైన మాటే, మొసలీ సరైన మాటే, యంత్రానికి తేడా తెలియదు, మనిషే పట్టాలి అనేవారు. ఇప్పుడు చూస్తే మనిషీ పట్టలేదు. పైగా అలాంటివాణ్ణి ఏం చేయాలో నిన్న ఎనిమిది మంది ముందు మీరే చెప్పారు. నేను మీ మాట కాదనలేను."

నిఘంటువు ఆఖరి పేజీలు యంత్రమే చూసింది.

నెల తిరిగింది. వడ్రంగి తలుపు బిగించి పోయాడు. భార్య అవసరానికి మాట్లాడుతోంది. పాప బడి నుంచి ఇంకో పుస్తకం తెచ్చుకుంది. సాయంత్రం ఆరింటికి దాన్ని పట్టుకుని నేరుగా అమ్మమ్మ దగ్గరికి వెళుతోంది. అత్తగారు కొత్త కళ్లజోడు వద్దంది. పుస్తకాన్ని చెయ్యంత దూరం పెట్టి, కనిపించినంత చదివి, కనిపించనిది తోచినట్టు అల్లేస్తుంది. ఆ చదువులో పిల్లి వెళ్లి పల్లకీ అయింది, నక్క ముక్కయింది, రాజుగారు రోజుగారయ్యారు. పాప నవ్వు వీధిలోకి వినిపిస్తోంది.

ఒక సాయంత్రం ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను చదవనా అమ్మా?"

"వద్దు నాన్నా," అంది పాప, ఆయన నొచ్చుకోకుండా నెమ్మదిగా. "నువ్వు సరిగ్గా చదివేస్తావు."

ఆయన బయట కుర్చీ వేసుకుని ఏడింటిదాకా కూర్చున్నాడు. పదకొండు తప్పులు దొర్లాయి. ఒక్కటీ దిద్దమని ఎవరూ అడగలేదు.