వృషణాల నుంచి డిప్యుటేషన్

బస్సు కండక్టరు పైడిరాజు వృషణాల్లో పనిచేయాల్సిన ప్రొటీన్ పదకొండేళ్లుగా ఆ సీట్లో లేదనీ, డిప్యుటేషన్ మీద ఊపిరితిత్తుల్లో పనిచేస్తోందనీ మంగళవారం నాటి తనిఖీలో తేలింది.

ఇందులో వింతేమీ లేదు. పోస్టు ఒకచోట, పని మరోచోట ఉన్నవాళ్లు ఏ శాఖలో లేరు గనక! ఒంట్లోని ప్రొటీన్ల పోస్టింగులు చూసే విజయనగరంలోని దేహోద్యోగుల కార్యాలయం వాళ్లు పైడిరాజునీ, అతని భార్య రవణమ్మనీ పిలిపించి, కుర్చీలు వేసి, మర్యాదగానే చెప్పారు. ఆ ప్రొటీన్‌కి వృషణాల్లో తప్ప ఇంకెక్కడా పోస్టు లేదు. వీర్యకణాలకి తోకలు సరిచూసి పంపడం దాని పని. అది సీట్లో లేకే వీళ్లకి పిల్లలు లేరు. ఊపిరితిత్తుల్లో మాత్రం ఒళ్లు వంచి పనిచేస్తోంది. అక్కడి కణాలకి చావన్నది రాకుండా చూస్తోంది. దాన్నే డాక్టర్లు క్యాన్సర్ అంటారు.

"ఎనక్కి పిలిపించీండమ్మా," అన్నాడు పైడిరాజు. దగ్గు ఆపుకోలేకపోతున్నాడు పాపం.

సూపరింటెండెంటు కామేశ్వరి ఫైలు తిరగేసింది. "సీటు ఖాళీగా ఉందని మీరెప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదండీ. వచ్చిన ఫిర్యాదులన్నీ మీ ఆవిడ మీదే ఉన్నాయి."

నిజమే. స్కానింగులు ఆమెకే, ఇంజెక్షన్లు ఆమెకే, శుక్రవారం ఉపవాసాలూ ఆమెకే. వీధిలో సీమంతాలకి పిలుపు మాత్రం ఆమెకి రాదు. పైడిరాజుని ఒక్క పరీక్షకి రమ్మన్నవాళ్లు లేరు. రమ్మన్నా ఆ మహానుభావుడు వెళ్లేవాడు కాదు.

"లోపం నాలో ఏటుంటాదనుకున్నానమ్మా," అన్నాడు తల దించుకుని.

కామేశ్వరి మనసు చివుక్కుమంది. డిప్యుటేషన్ రద్దుకి పెట్టుకోవాల్సిన ఫారం తనే తెచ్చి ఇచ్చింది. ఈరోజు పంపితే ప్రొటీన్ అక్కణ్నుంచి కదులుతుంది, ఆలస్యమైతే అక్కడే పర్మనెంటు అయిపోతుంది. ఫారంలో 'సంతానలేమికి బాధ్యులు' అన్న గడిలో 'భార్య' అని ముందే అచ్చు వేసి ఉంది. పైడిరాజు ఆ మాట కొట్టేసి, తన పేరు రాశాడు.

"కొట్టివేతలుంటే పైవాళ్లు తిప్పి పంపేస్తారండీ," అంటూ ఆమె ఇంకో ఫారం ఇచ్చింది. అందులోనూ అదే అచ్చు. ఆఫీసు మూసే వేళయింది. పైడిరాజు పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పెళ్లయ్యాక మొదటిసారి అతనికి భార్య మొహంలోకి చూడడం చేతకాలేదు.

రవణమ్మ అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"మనిషి దక్కితే సాలు. సంతకం ఎక్కడెట్టాలమ్మా?" అని అడిగి, కామేశ్వరి చూపించేలోపే సరిగ్గా 'భార్య' అని ఉన్న ఆ గడి పక్కన పెట్టేసింది.