కోచ్ గారి పరస్పర నిష్క్రమణ

హార్లన్ ఫోర్క్ కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ రస్ పెటిబోన్ గారు పరస్పర గౌరవంతో, పరస్పర అంగీకారంతో, పరస్పర సంతోషంతో తమ బాధ్యతల నుంచి తప్పుకుంటున్నారని కాలేజీ క్రీడల డైరెక్టర్ డాక్టర్ కర్టిస్ వెల్బోర్న్ మార్చి మొదటి మంగళవారం పొద్దున ఒక ప్రకటన విడుదల చేశారు. ఏడేళ్ళలో కోచ్ గారు కుర్రాళ్ళకు నేర్పిన విలువలు స్కోరుబోర్డు మీద కనిపించేవి కావని అందులో రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. అరవై ఒక్క గెలుపులు, నూట నలభై ఎనిమిది ఓటములు. విలువలు తప్ప మరేమీ మిగల్లేదు.

మాది ఇండియానా రాష్ట్రం. మా ఊళ్ళో బాస్కెట్‌బాల్ తెలియనివాడు లేడు. ఆడటం వచ్చినవాడు మాత్రం ఎప్పుడూ పక్క ఊళ్ళోనే పుడతాడు, అది వేరే సంగతి. మా కాలేజీ జట్టు పేరు నీటెలుకలు. ఆ జట్టుకో అభిమాన సంఘం ఉంది. సభ్యులు పదకొండు మంది, కోరం ముగ్గురు. ఆ ముగ్గురూ రోజూ పొద్దున ఏడింటికి లొరెట్టా హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కోరం అవుతారు.

సంఘాధ్యక్షుడు వెండెల్ క్రాబ్‌ట్రీ. డెబ్భై అయిదేళ్ళవాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రైవింగ్ నేర్పి రిటైరయ్యాడు. ఆ రోజు ప్రకటనను బల్ల మీద పరిచి, గొంతు సవరించుకుని, పెళ్ళి శుభలేఖ చదివినట్టు చదివి వినిపించాడు.

"పీడ విరగడైంది," అన్నాడు డెల్మార్ ఫాంకౌజర్. మూడు వందల పందుల ఆసామి. "నాలుగేళ్ళ కిందటే పోవాల్సినవాడు."

"పోయాడా, పంపారా అని కదరా చూడాలి," అన్నాడు వర్నన్ స్లేబా. ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే సంస్థ ఆయనదే, అందుకని ఎవరు ఎలా పోయారన్నది ఆయనకు ముఖ్యం. "పరస్పర అన్న మాట ఒక్కసారి ఉంటే రాజీనామా. రెండుసార్లుంటే బతిమాలుకున్నారు. మూడుసార్లుందంటే మెడపట్టి గెంటారు."

"గెంటితే మాత్రం ఏం? జనవరి పదో తారీకు మర్చిపోయావా? ఆరడుగుల పదంగుళాల పిల్లాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, అయిదుగురు పొట్టివాళ్ళని దింపాడు. ముప్పై ఒక్క పాయింట్ల తేడాతో పోయాం."

"ఇంకో ఏడాది చూడాల్సింది. మర్యాదస్థుడు. ఓడిపోయినప్పుడు ఒక్కసారన్నా ఎవర్నీ ఒక్క మాట అన్లేదు."

"నీ దగ్గరికొచ్చేవాళ్ళు కూడా అనరులే," అన్నాడు డెల్మార్. "కళ్ళు మూసుకుని బంతులు వేయించాడు ప్రాక్టీసులో. అది చూశావా? మతి ఉన్నవాడెవడన్నా చేస్తాడా?"

వెండెల్ కాఫీ ఒక గుక్క తాగి, తాను ఏడేళ్ళుగా అంటున్న మాటే అన్నాడు. "మనం చెబితే వింటేనా?"

బల్లంతా తలూపింది. కాఫీ పోయడానికొచ్చిన లొరెట్టా మాత్రం ఊపలేదు.

"ఒక మాటడుగుతా. ఈ ఏడు మీ ముగ్గుర్లో ఆటకి ఎవరెళ్ళారు?"

డెల్మార్ పళ్ళెంలో గ్రేవీ కలుపుకున్నాడు. వర్నన్ కిటికీలోంచి చూశాడు. అధ్యక్షుడు కాబట్టి వెండెల్ సమాధానం చెప్పక తప్పలేదు.

"దగ్గర్నుంచి చూస్తే ఆవేశం వస్తుంది లొరెట్టా. ఆలోచన రాదు."

ఆలోచన విషయంలో వెండెల్‌కు పేరుంది. సరిగ్గా చెప్పాలంటే ఆయనకు లేదు, ఆయన పెట్టుకున్న పేరుకు ఉంది. అభిమానులంతా రాసుకునే ఇంటర్నెట్ వేదికలో 'ఫుల్‌కోర్ట్ 68' అనే మహానుభావుడు ఏడేళ్ళుగా సలహాలిస్తున్నాడు. నాలుగు వేల నూట పన్నెండు సలహాలు. అది వెండెలేనని డెల్మార్‌కీ వర్నన్‌కీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. అరవై ఎనిమిదిలో వెండెల్ హైస్కూలు జట్టులో ఆడాడు, మొత్తం నాలుగు నిమిషాలు. ఆయన అధికారమంతా ఆ నాలుగు నిమిషాల మీదే నిలబడి ఉంది.

ఇంకో చిన్న సంగతి. కోచ్ పెటిబోన్ ఇల్లు వెండెల్ ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. వెండెల్‌కు తుంటి ఆపరేషన్ అయినప్పట్నుంచీ రెండు చలికాలాలుగా ఆయన వాకిట్లో మంచు తీస్తున్నది కోచే. వెండెల్ కృతజ్ఞత లేని మనిషి కాదు. కిటికీలోంచి ఆయనకు చెయ్యి ఊపి, వచ్చి కూర్చుని, 'ఈ మనిషికి సిగ్గుంటే తప్పుకోవాలి' అని రాసేవాడు.

ఆ గురువారం వెండెల్‌కు డాక్టర్ వెల్బోర్న్ గారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కొత్త కోచ్‌ని ఎంపిక చేసే కమిటీలో అభిమానుల ప్రతినిధిగా ఆయన్ని వేశారట. మంగళవారం సమావేశం.

వెండెల్ ఫోను పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అభిప్రాయం ఎవరూ అధికారికంగా అడగలేదు. డ్రైవింగ్ నేర్పిన ముప్పై ఏళ్ళలో కూడా పిల్లలు ఆయన మాట విన్నది ఆయన కాలికింద ఇంకో బ్రేకు ఉండబట్టే. ఇప్పుడు కాలేజీ వాళ్ళు పిలిచి మరీ అడుగుతున్నారు. ఆయనకు నిజంగా కళ్ళు చెమర్చాయి. ఆ కమిటీ కుర్చీ కోసం ఆయన ఏమైనా ఇచ్చేసేవాడు. వెంటనే కాగితం తీసుకుని పదకొండు అంశాల వినతిపత్రం రాశాడు. మొదటి అంశం: కొత్త కోచ్ అభిమానుల మాట వినేవాడై ఉండాలి. మిగిలిన పది అంశాలు కూడా దాదాపు అదే.

శనివారం ఎదురింటి ముందు సామాన్ల లారీ ఆగింది. వెండెల్ భార్య ఆర్డిత్ పెర్సిమన్ పళ్ళతో చేసిన పుడ్డింగు గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఏమయ్యా, ఇది ఇచ్చి రా. ఏడేళ్ళు ఎదురుగా ఉన్నారు. ఉత్త చేతుల్తో పంపితే ఏం బాగుంటుంది?"

"నేనెందుకు? నువ్వెళ్ళు."

"మంచు తీసింది నీ కారు కోసం."

వెండెల్ రోడ్డు దాటాడు. కోచ్ గ్యారేజీలో అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒహాయోలో భార్య వాళ్ళ ఊళ్ళో, మిడిల్ స్కూల్ పిల్లలకు వ్యాయామం నేర్పే ఉద్యోగం దొరికిందట. ఆయన ముందు ఏడు లావుపాటి ఫైళ్ళున్నాయి, ఏడాదికొకటి.

"ఇవి లారీలో పట్టట్లేదు వెండెల్ గారూ. పారెయ్యడానికి మనసొప్పట్లేదు."

"ఏంటి బాబూ అవి?"

"మన జట్టు ఆడిన ఎత్తులన్నీ. నావి కావులెండి. మొదటి ఏడు వెల్బోర్న్ గారు పిలిచి, అభిమానుల నాడి పట్టుకో అన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఒకాయన కనపడ్డాడు. ఫుల్‌కోర్ట్ 68 అని. అంత ఖాయంగా మాట్లాడే మనిషిని నేను ఎక్కడా చూళ్ళేదండీ. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నా నాకు ఏ ఒక్క విషయం మీదా అంత నమ్మకం కుదర్లేదు. ఎవరో పెద్ద కోచ్ అయ్యుంటాడు, బయటపడలేక మారుపేరుతో రాస్తున్నాడనుకున్నా. అప్పట్నుంచీ ఆయన చెప్పిందే చేశా."

వెండెల్ ఒక ఫైలు తెరిచాడు. తన వాక్యాలు. ఒక్కో దాని కింద పసుపు గీత. 'పొడుగువాణ్ణి కూర్చోబెట్టి పొట్టివాళ్ళని పరిగెత్తించు. జనవరి 9.' దాని కింద, 'కళ్ళు మూసుకుని వెయ్యగలిగినవాడే అసలు ఆటగాడు.' పక్కన కోచ్ చేతిరాత: ప్రాక్టీసులో పెట్టాలి.

"మరి ఓడిపోయాక ఆయనేమనేవాడు?" అని అడిగాడు వెండెల్.

"ఈ దిక్కుమాలిన ఆలోచన ఎవడిదీ అని తిట్టేవాడు. అంటే చెయ్యడంలో నేనే ఏదో పాడుచేశానన్నమాట. ఇంకా శ్రద్ధగా చదివేవాణ్ణి."

"మానేయాల్సింది కదయ్యా."

"ఒకసారి మానాల్సొచ్చింది. పోయినేడు ఆయన పద్నాలుగు ఆటలపాటు ఏమీ రాయలేదు. ఏమైందో ఏమో. ఆ పద్నాలుగులో తొమ్మిది గెలిచాం. గాలివాటంగా గెలిచామనుకున్నా. మళ్ళీ ఆయన రాయడం మొదలెట్టాక ఎంత హాయిగా అనిపించిందో."

ఆ పద్నాలుగు ఆటలప్పుడు వెండెల్ తుంటి ఆపరేషన్ చేయించుకుని, కంప్యూటర్ దాకా నడవలేక మంచం మీద ఉన్నాడు.

"ఆయన్ని ఒక్కసారి కలవాలని ఉండేదండీ," అన్నాడు కోచ్. "క్షమించమని అడగాలని. ఆయన తెలివికి నేను చాల్లేదు."

నేనేనయ్యా అన్న మాట వెండెల్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఏడేళ్ళ సిగ్గు ఒక్కసారే వేసింది. కానీ ఆ మాట బయటపెడితే మంగళవారం కుర్చీ ఏమవుతుంది?

"పుడ్డింగు ఫ్రిజ్‌లో పెట్టుకో బాబూ. రెండ్రోజులుంటుంది," అని ఇంటికొచ్చేశాడు.

సోమవారం హోటల్లో వెండెల్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"వెళ్తూ వెళ్తూ ఏమన్నాడ్రా?" అని అడిగాడు వర్నన్.

"ఏమంటాడు? ఏమీ అన్లేదు."

"అనడానికేముంది," అన్నాడు డెల్మార్. "మనవాడి సలహాల్లో పదో వంతు విన్నా బాగుపడేవాడు."

ఇద్దరూ వెండెల్ వంక చూశారు, రోజూ చెప్పే మాట చెబుతాడని. వెండెల్ కాఫీలో ఇంకో చెంచా పంచదార వేసుకున్నాడు. ఆయనకు షుగరుంది. అయినా వేసుకున్నాడు.

మంగళవారం కాలేజీ రెండో అంతస్తులో కమిటీ సమావేశమైంది. డాక్టర్ వెల్బోర్న్ గారు, ఇద్దరు డీన్లు, పూర్వవిద్యార్థుల తరఫున ఒక పళ్ళ డాక్టరు, వెండెల్. నేరేడు రంగు టైలో వెల్బోర్న్ గారు సభను ప్రారంభించారు.

"ఈ ఎంపిక పూర్తిగా పారదర్శకంగా, అందర్నీ కలుపుకుని, ఎలాంటి ముందస్తు నిర్ణయమూ లేకుండా జరుగుతుంది. అభిమానులే ఈ ఆటకు ఊపిరి. అందుకని ముందు వాళ్ళ మాట విందాం. క్రాబ్‌ట్రీ గారూ, కొత్త కోచ్‌కు ఏ అర్హత ఉండాలంటారు?"

వెండెల్ జేబులోంచి పదకొండు అంశాల కాగితం తీశాడు. దాని వంక చూశాడు. మళ్ళీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన బాగా ఆలోచించి మాట్లాడాడు.

"చదవడం రానివాడైతే మంచిదండీ."

ఒక డీను కలం తీశాడు.

"అది తప్పనిసరి అర్హతా, లేక ఉంటే మంచిదా?"

"తప్పనిసరి," అన్నాడు వెండెల్.

"అభిమానుల చమత్కారం," అని వెల్బోర్న్ గారు నవ్వారు. డీను రాసుకున్నది కొట్టేశాడు. "కమిటీ అభిప్రాయాలన్నీ తీసుకున్నాం. ఇక కొత్త కోచ్‌ని మీకు పరిచయం చేస్తాను. పక్క గదిలో ఉన్నారు. సంతకాలు పోయిన గురువారమే అయిపోయాయి."

తలుపు తెరుచుకుంది. కోచ్ బ్రెంట్ యోకమ్ గారు నెబ్రాస్కా నుంచి వచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ళు, చూడచక్కని పళ్ళు. పళ్ళ డాక్టరు ముందుకు వంగి మరీ చూశాడు. యోకమ్ గారి చంకలో లావుపాటి ఫైలొకటి ఉంది.

"పాత కోచ్ గారి గురించి చెడ్డగా చెప్పను," అన్నారు యోకమ్ గారు. "కానీ ఈ ఊళ్ళో ఇంత జ్ఞానం ఊరికే పడి ఉంటే ఎవరూ పట్టించుకోలేదని తెలిసి బాధేసింది. నెల్రోజులుగా మీ అభిమానుల వేదిక చదువుతున్నా. ఫుల్‌కోర్ట్ 68 అని ఒకాయన. ఇంటర్వ్యూలో వెల్బోర్న్ గారితో చెప్పా, నా గురువు ఆయనే అని."

"ఆ మాటతోనే నిర్ణయం తీసుకున్నాం," అన్నారు వెల్బోర్న్ గారు.

"ఆయన్ని నా పక్కనే కూర్చోబెట్టుకోవాలని ఉంది. ప్రతి ఆటకీ. క్రాబ్‌ట్రీ గారూ, మీరు సంఘాధ్యక్షులు. మీకు తెలియకుండా ఉండదు. ఎవరాయన?"

అందరూ వెండెల్ వైపు తిరిగారు. కోచ్ పక్కన కుర్చీ. ప్రతి ఆటకీ. వెండెల్ ఆ కుర్చీని ఒక్క క్షణం కళ్ళారా చూశాడు. ఒహాయో వెళ్ళిపోయిన లారీ కూడా కనపడింది.

"ఆయన పోయారండీ," అన్నాడు.

"అయ్యో. ఎప్పుడు?"

"మొన్న శనివారం. ఉన్నట్టుండి."

యోకమ్ గారు ఫైలును గుండెలకు హత్తుకున్నారు. "అయితే ఇక నేను చెయ్యాల్సింది ఒక్కటే. నాలుగు వేల నూట పన్నెండూ నా దగ్గరున్నాయి. ఒక్కటి కూడా వదలకుండా అమలు చేస్తా. ఆయన ఆత్మకు శాంతి కలగాలి."

ఆ క్షణంలోనే వెల్బోర్న్ గారు రాబోయే అయిదేళ్ళ ఆటలను స్వర్గీయ ఫుల్‌కోర్ట్ 68 గారి స్మృతికి అంకితం చేస్తున్నట్టు ప్రకటించి, ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నారు. డీన్లు లేచారు. పళ్ళ డాక్టరు లేచాడు. అందరికంటే ఆలస్యంగా, బల్ల అంచు పట్టుకుని వెండెల్ కూడా లేచి తల వంచుకున్నాడు.