నూటపదిహేడో బిళ్ల, పులిహోర సంచీ

"ఈ భూమ్మీద అసలైన అపరాధ పరిశోధకులు ఇద్దరే ఇద్దరు భద్రా! ఒకడు ఇంకా పుట్టలేదు. రెండోవాడు ఇదిగో, నీ ముందు మీసం దువ్వుకుంటున్నాడు!"

ఆ మాటన్నది రామనర్సయ్య. ఇనుము గనిలో హాజిరీ మున్షీ, అంటే కూలీల రాకపోకలు రాసుకునే మనిషి. అన్నది ఆదివారం పొద్దున్నే, బనీను తిరగేసి తొడుక్కుని. భద్రమ్మ పులిహోరకు తాలింపు పెడుతూ ఆ బనీను వంక ఒకసారి చూసింది. పద్దెనిమిదేళ్ల కాపురం మరి. ఆయనకు ఏది చెప్పాలో, ఏది వదిలెయ్యాలో ఆమెకు బాగా అలవాటైపోయింది. బనీను వదిలేసింది.

"రెండోవాడా, ఆ ఎండుమిరపకాయలు ఇటందుకో" అంది.

ఆయన పట్టిన కేసులు తక్కువేం కాదులెండి. కాలనీలో పాలు పలచనవుతున్నాయని మూడు రోజులు గేదెను వెంబడించాడు, గేదె మీదే అనుమానంతో. క్యాంటీన్ రామక్క చీపురు పోయిన కేసులో ఆ చీపురుతోనే నాలుగు దెబ్బలు తిన్నాడు. అట్లా దొరికింది చీపురు. ఎర్రబోరు ఊరి మనిషి రామక్క. ఆమె చెయ్యి, నోరు రెండూ పెద్దవే.

కానీ ఈసారి కేసు నవ్వులాట కాదు. గని కూలీ సోమారు అన్నం ముద్ద దీని మీదే ఆధారపడి ఉంది.

బస్తర్ కొండలు తవ్వి, ఎర్రరాయి రైళ్లకెత్తి ఓడరేవుకు పంపుతున్న రోజులవి. గనిలో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటుంటుంది. పనికి ఎక్కేటప్పుడు హాజిరీ కిటికీలో తీసుకుపోవాలి, దిగొచ్చి మళ్లీ ఇచ్చెయ్యాలి. మున్షీ దాన్ని మేకుకు తగిలిస్తాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కొండమీద ఉన్నట్టే. అప్పుడు హెచ్చరిక భోంగా కూత మోగినా, రాయి పగలగొట్టే బారుదు పేల్చరు. మంచి పద్ధతే, ప్రాణాలు కాపాడే పద్ధతి. శనివారం మధ్యాహ్నం నూటపదిహేడో మేకు ఖాళీగా ఉంది.

నూటపదిహేడు సోమారుది. సోమారు మాత్రం కిటికీ ముందే నిలబడి ఉన్నాడు.

"నేనీడనే ఉన్న మున్షీ బాబూ. బిళ్ల నీ చేతికే ఇస్తిని గదా."

"మేకు లేదంటోంది సోమారూ. బోర్డు ప్రకారం నువ్వు కొండమీద ఉన్నావు."

"మరి ఈడున్నది ఎవరు?"

"అదే విచారించాలి!"

రెండు గంటలు పేలుడు ఆగిపోయింది. సోమారును వెతకడానికి పదిమందిని కొండమీదికి పంపారు. ఆ పదిమందిలో సోమారు కూడా ఉన్నాడు. పాపం, కేకేస్తూ తన పేరు తనే పిలుచుకుంటూ తిరిగాడు. పై సాహెబు కోపంతో ఎర్రరాయిలా అయిపోయాడు. అంతకుముందే సోమారు రెండు బిళ్లలు పోగొట్టుకున్నాడు, ఒకటి వాగులో, ఒకటి సంతలో. "సోమవారం పొద్దుటికి బిళ్ల రాకపోతే పేరు కొట్టెయ్యండి" అన్నాడు సాహెబు.

ఆ సాయంత్రం సోమారు తల్లి ఇర్మె వచ్చి భద్రమ్మ వాకిట్లో కూర్చుంది. ఇర్మెకు వచ్చిన తెలుగు కొంచెమే, కానీ తిట్లకు సరిపోతుంది. ఆ పూట తిట్టలేదు. అదే భద్రమ్మకు భయమేసింది.

"నా కొడుకు కిటికీల ఇచ్చిండు బిడ్డా. వానికి అబద్ధం రాదు. నేర్పుదామన్నా రాలే."

"దొరుకుద్ది అవ్వా. నేను మాటిస్తున్న" అంది భద్రమ్మ. ఎట్లా దొరుకుద్దో ఆమెకూ తెలియదు.

దసరా పోయి, దీపావళి ఇంకా రాని రోజులు. వానలు వెనక్కి తగ్గి, గడ్డి నిలువెత్తు లేచి, ఆకాశం కడిగిన గిన్నెలా ఉంటుంది. ఏటా ఆ రోజుల్లో ఒక ఆదివారం కాలనీ వాళ్లు కొందరు కలిసి గనికి ఎదురుగా ఉన్న గాలిగట్టు ఎక్కుతారు. నిట్టనిలువు గట్టు, ఒళ్లంతా అడవి. దారి చూపడానికి సోమారు ముందే ఒప్పుకుని ఉన్నాడు. ఇర్మె కూడా బయల్దేరింది. గట్టు నడినెత్తిన కొండతల్లి రాళ్లకుప్ప ఉంది. ఎక్కినవాళ్లు ఒక రాయో ఆకుకొమ్మో అక్కడ పెట్టాలి. కొడుకు బిళ్ల కోసం మొక్కుకుని రాయి పెడదామని ముసలమ్మ ఆశ.

రామనర్సయ్య కూడా వచ్చాడు. రాకుండా ఎట్లా ఉంటాడు! శనివారం పొద్దున్నే ఒక లారీ డ్రైవరు దగ్గర పాత దిక్సూచి కొన్నాడాయన. పిడికిలంత ఇత్తడి డబ్బా. వెనక మూత ఎప్పుడో ఊడిపోతే ఆయనే ఆఫీసులో ఏదో అదిమి, చుట్టూ దారం బిగించాడు. పరిశోధకుడి పరికరమట, ఎవరినీ ముట్టుకోనివ్వడు. మెడలో వేసుకున్నాడు.

గట్టు మొదట్లోనే ప్రకటించాడు. "సోదరులారా! హాజిరీ కిటికీ ఉత్తరం వైపు ఉంది. కనక బిళ్లను కాజేసిన కిరాతక ముఠా ఉత్తరానికే పోయింది. మన దారి అటే!"

"బాట ఇటున్నది బాబూ" అన్నాడు సోమారు.

"బాటలో దొంగలు నడవరు సోమారూ. అది మొదటి సూత్రం."

"బాబూ, ఈ కొండంత ఇనుమే. ఆ ముల్లుకు దిక్కు తెలవది."

"ముల్లు వణుకుతోంది చూడు! నేరస్తుడు దగ్గర్లో ఉంటేనే అట్లా వణుకుతుంది!" అంటూ గడ్డిలోకి దూకాడు.

మిగతా పద్నాలుగు మందీ ఆయన వెనకే గడ్డిలోకి దూకారు. నమ్మకంతో కాదండీ. పులిహోర సంచీ ఆయన భుజాన ఉంది.

ఇక ఏం చెప్పమంటారు! గడ్డి గింజలు చీరల నిండా గుచ్చుకుని, ఆడవాళ్లందరూ ముళ్లపందుల్లా తయారయ్యారు. కాలు పెడితే ఎర్ర గులకలు జారతాయి. వేరు పట్టుకుంటే వేరు ఊడొస్తుంది. దిక్సూచి ముల్లేమో ఒకసారి గట్టు వైపు, ఒకసారి గని వైపు, ఒకసారి రామక్క వైపు తిరుగుతుంది.

"నా దిక్కు చూపిచ్చినవంటే చీపురు తెచ్చుకుంటా" అంది రామక్క.

"ఏందయ్యా, ఈ పుట్టను ఇందాకనే చూసినం" అంది భద్రమ్మ.

"ఇది వేరే పుట్ట భద్రా. దీని ముఖంలో దొంగతనం ఉంది."

అదే పుట్టను మూడోసారి దాటాక రామనర్సయ్య ఆగిపోయాడు. ఒక చెట్టు మొదలుకు ఎవరో గడ్డి పేని ముడి వేశారు. "ఆహా! ముఠా సంకేతం!" అని ముడి విప్పి జేబులో పెట్టుకున్నాడు.

ఇర్మెకు తెలుగంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. "నీ చెయ్యి ఇరగ! గడ్డి ముడేస్తే ఈ చెట్టు ఒకరిది అని అర్థం! దీని కాయ వేరేటోళ్లు ముట్టరు! ఇది మా వాడల ఉంగ అనేటోడి చెట్టు! ఇప్పితే వానికి కోడి దండుగ కట్టాలె!"

"సాక్ష్యాధారానికి కోడి దండుగా?"

"పుంజు" అంది ఇర్మె.

ఆయన వాదిద్దామని చెట్టుకు ఆనుకున్నాడు. అది చీమల కాలనీ అని ఆనుకున్నాక తెలిసింది. ఆకులు కుట్టి గూళ్లు కట్టుకునే ఎర్రచీమలు, బస్తర్‌లో పచ్చడి నూరుకునేవి. ఈసారి పచ్చడి కావలసింది ఆయనే. "విషప్రయోగం! విషప్రయోగం!" అని అరుస్తూ, ఎగురుతూ, ఎవరూ అనుకోనంత వేగంగా గట్టు నిలువునా ఎక్కేశాడు. పులిహోర కూడా ఎక్కింది కాబట్టి పద్నాలుగు మందీ ఎక్కారు. బాటలో పోతే గంటలో వచ్చే చోటికి, చీమల పుణ్యమా అని మూడు గంటల్లోనైనా చేరారు.

పైన గాలి చల్లగా కొట్టింది. ఎదురుగా ఎర్రగా చెక్కేసిన గని కొండ, ఇవతల చూసినంత మేరా పచ్చని అడవి. భద్రమ్మ ఒక్క క్షణం కాళ్ల నొప్పి మరిచిపోయింది. పక్కన ఇర్మె చెంగులో నుంచి నున్నటి చిన్న రాయి తీసి, రెండు చేతుల మధ్య పట్టుకుని ఏదో గొణుగుతోంది. సోమారు దూరంగా నిలబడి గని వైపే చూస్తున్నాడు, ఇక రేపటి నుంచి అందులోకి పోయేది లేదన్నట్టు. వాకిట్లో తానిచ్చిన మాట భద్రమ్మకు గుర్తొచ్చింది.

అంతలో కేక. "దొరికింది! దోచిన సొత్తు పాతిన చోటు!"

రామనర్సయ్య కొండతల్లి కుప్ప మీద మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఎండుకొమ్మలు లాగిపారేస్తున్నాడు.

"ఓరి నీ..." అని ఇర్మె చేతికర్ర ఎత్తింది. ఆ తర్వాతి మాట తెలుగు కాదు. కాకపోయినా అందరికీ అర్థమైంది.

కర్ర చూసి ఆయన వెనక్కి గెంతాడు. గులకల మీద కాలు జారింది. ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో పరువు కాపాడుకోబోయి, రెండూ పట్టలేక సంచీ మీదే కూలబడ్డాడు. మెడలో తాడు తెగి దిక్సూచి గాలిలోకి లేచి, సరిగ్గా కుప్ప మీద రాయికి టంగుమని కొట్టుకుని బోర్లా పడింది. దారం తెగిపోయింది. వెనక అదిమిన మూత ఊడి, దొర్లుకుంటూ వచ్చి, ఇర్మె కాళ్ల దగ్గర గుండ్రంగా తిరిగి పడుకుంది.

గుండ్రటి ఇత్తడి. పైన తగిలించుకునే చిల్లు.

భద్రమ్మ వంగి తీసింది. చదువు రాదు గానీ అంకెలు వచ్చు. "ఒకటి" అంది. ఆగింది. "మళ్లీ ఒకటి." ఇంకా ఆగింది. "ఏడు."

రామనర్సయ్య పులిహోర మీద కూర్చునే ఉన్నాడు. శనివారం పగలు, మూత కోసం బల్ల మీద తడుముకుంటే చేతికి తగిలిన 'ఏదో ఇత్తడి ముక్క' ఆయన కళ్ల ముందు మెల్లగా తిరిగింది. కానీ అంత తేలిగ్గా ఓడిపోతే ఆయన రెండోవాడెట్లా అవుతాడు!

"నేను ముందే అనుకున్నా!" అన్నాడు. "సొత్తును పరిశోధకుడి మెడలోనే దాచాడు! ఎంత నీచుడు! కానీ ఎంత తెలివైనవాడు!"

"తెలివైనోడు కాదులే" అంది భద్రమ్మ.

సోమారు నవ్వలేదు. బిళ్లను రెండు చేతులా అందుకుని, అంగీకి తుడిచి, తల్లి చేతిలో పెట్టాడు. ఇర్మె తన రాయి కుప్ప మీద పెట్టి, ఆ పక్కనే నేల మీద కూర్చుని కళ్లొత్తుకుంది. ఆ కళ్లు చూశాక భద్రమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు.

"రేపు పొద్దున్న కిటికీ కాడ, అందరు వినంగ, సాహెబు వినంగ, తప్పు నాదని చెప్పాలె. చెప్పకపోతే నేనొచ్చి చెప్తా. నేను చెప్తే ఈ చీమల సంగతి నుంచి మొదలుపెడతా."

"చీమలు వద్దు భద్రా."

"ఇంకోటి. పైకెక్కినోళ్లు కొండతల్లికి ఏదన్న పెట్టాలె."

ఆయన దిక్సూచి ఏరుకుని, చుట్టూ రాయి వెతికాడు. అందరూ ఆయన చేతిలోని దిక్సూచి వంకే చూస్తున్నారు. పెట్టేశాడు. ముల్లు కుప్ప మీద కూడా గిరగిరా తిరుగుతూనే ఉంది. నలిగిన పులిహోర అందరూ ఆకుల్లో పెట్టుకు తిన్నారు. బల్లపరుపుగా ఉంది గానీ రుచి పోలేదు. దిగేటప్పుడు సోమారు వెంట బాటలో దిగారు.

సోమవారం కిటికీ దగ్గర రామనర్సయ్య నిజంగానే చెప్పాడు. "కేసు తేలింది సాహెబ్! నేరస్తుడు బాగా తెలిసినవాడు, గౌరవస్థుడు, చక్కని మీసాలవాడు" అని మొదలుపెట్టి, వరసలో నిలబడ్డ భద్రమ్మను చూసి, "నేనే" అని ముగించాడు. సాహెబు చాలాసేపు ఆయన వంక చూసి, ఆ తర్వాత నూటపదిహేడో మేకు వంక చూసి, "అయితే సోమారు మొత్తానికి కొండ దిగాడన్నమాట" అన్నాడు. సోమారు బిళ్ల తీసుకుని పనికెక్కాడు.

ఉంగకు దండుగ పుంజు పోయింది. ఆ పుంజును ఉంగ ఒక్కడే తినలేదు. మధ్యాహ్నానికి ఒక గిన్నెడు కూర ఇర్మె చేత భద్రమ్మ ఇంటికీ వచ్చింది.

రామనర్సయ్య అన్నంలో పులుసు పోసుకుని, ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"అంతా తేలింది గానీ భద్రా, ఒక్క చిక్కు మిగిలిపోయింది. ఆ బిళ్లను తీసి నా దిక్సూచికి అదిమిన చెయ్యి... అది ఎవరిదో తేల్చాలి!"

"ఇప్పుడు ముద్ద కలుపుతున్నదే" అంది భద్రమ్మ, ఇంకో గరిటె పులుసు వేస్తూ.

ఆయన తన కుడిచేతి వంక అనుమానంగా చూశాడు. కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని సాక్ష్యం మొత్తం నాకేశాడు.