ఏడు తరాల పల్లీలు

నాలుగేండ్ల తరుణ్‌కు పల్లీలు పడవన్న మస్కట్ డాక్టరు అభిప్రాయాన్ని, హుజూరాబాద్‌లో జరిగిన కుటుంబ సమావేశం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. సమావేశానికి డాక్టర్లెవరినీ పిలవలేదు. పిల్లవాడి పెద్దతాత జగన్మోహన్‌రావు గారే అధ్యక్షత వహించారు కనుక ఆ అవసరం కనిపించలేదు.

"మన ఇంట్ల ఏడు తరాలు పల్లీలు తిన్నరు. ఒక్కలకన్న ఏమన్న అయిందా? గా ఎడారిల కూసున్న డాక్టర్‌కు పల్లిచేను ఎట్లుంటదో ఎరుకనా?" అని ఆయన ప్రశ్నించారు. చప్పట్లు మోగాయి.

తీర్మానం ఉత్తరంగా మస్కట్ చేరింది. తరుణ్ తల్లి సరళాదేవి దాన్ని పక్కన పెట్టి, బిస్కెట్ పొట్లం మీది చిన్నక్షరాలు చదవడంలో మునిగిపోయింది. రెండేండ్లుగా ఆమె చదువుతున్న సాహిత్యం అదొక్కటే. పల్లీ నోట్లో పడితే కొడుక్కి గొంతు వాస్తుంది, ఊపిరాడదు. ఒకసారి కళ్లారా చూసింది. మళ్లీ చూసే ధైర్యం ఆమెకు లేదు.

అయితే గల్ఫ్‌కు పోయేవాడు ఖాళీ చేతులతో పోవడం మన జిల్లాలో నేరం. మస్కట్ విమానం ఎక్కబోతున్న డ్రైవర్ రాయమల్లు చేతికి నానమ్మ జానకీబాయి సకినాల డబ్బా ఇచ్చింది. కోడలి మాట మన్నించి పల్లీలు ముట్టనే లేదు. గానుగ పట్టించిన పల్లినూనెలో కాల్చింది, అంతే. నూనెలో పల్లీ ఎక్కడన్నా కనిపిస్తుందా?

సరళ స్నానానికి పోయిన సమయం చూసి, "అవ్వ చేతి సకినం గూడ పడకపోతదా?" అంటూ తండ్రి శ్రీధర్‌రావు ఓ ముక్క విరిచి కొడుక్కి పెట్టాడు. పది నిమిషాల్లో తరుణ్ పెదవులు ఉబ్బాయి. ఆస్పత్రిలో సూది పడ్డాక గానీ ఊపిరి అందలేదు. ఇంటికి రాగానే సరళ సకినాల డబ్బాను చెత్తబుట్టలో వేసింది.

ఫోన్ రాగానే హుజూరాబాద్ నమ్మింది. నమ్మింది కనుకనే హడలిపోయింది. రెండో సమావేశం జరిగింది.

"గీ సంగతి బయటికి పొక్కొద్దు. పల్లీలు పడనోనికి రేపు పిల్లనెవ్వలిస్తరు?" అని పెద్దతాత తన దూరదృష్టిని చాటుకున్నారు. పిల్లవాడి పెండ్లికి ఇరవై ఏండ్లే మిగిలాయి మరి.

వేసవి సెలవులకు వచ్చిన సరళ, కొడుకు చెయ్యి వదలకుండా జమ్మికుంటలో చుట్టాల పెండ్లికి పోయింది. చిన్నత్త వరుసయ్యే నిర్మలాదేవి పల్లీపట్టి తుంచి తరుణ్ నోటిదాకా తెచ్చింది.

"వద్దు చిన్నత్తమ్మా!" అంది సరళ.

"ఎందుకట్ల?"

జానకీబాయి కోడల్ని గిల్లి, తానే జవాబిచ్చింది. "వానికి అంత ఇష్టముండదు."

"ఇష్టం లేకుంటే అలవాటు చెయ్యాలె. ఏదీ, నోరు తెరువు బిడ్డా!"

సరళ ఆ పట్టిని ఎగరగొట్టింది. "వానికి పల్లీలు పడవు! తింటే పాణం పోతది!" అని పందిరంతా వినబడేలా అరిచింది. సన్నాయి ఆగిపోయింది. జానకీబాయి కొంగుతో ముఖం కప్పుకుంది. పెండ్లివారు భోజనాలు ముగించేలోపే వార్త హుజూరాబాద్ చేరింది.

ఫలితం మాత్రం అద్భుతం. డాక్టరు కాగితం చేయలేని పని ఆ కేక చేసింది. తరుణ్ వీధిలోకి వస్తే చాలు, జబ్బు ఎక్కడ అంటుకుంటుందోనని తల్లులు తమ పిల్లల్ని, వాళ్ల చేతుల్లోని పల్లీలతో సహా, లోపలికి లాక్కుని తలుపులేసుకున్నారు. సెలవులు అయిపోయేదాకా తరుణ్ అరుగు మీద క్షేమంగా, ఒక్కడే ఆడుకున్నాడు.

చూడలేక సరళ ఎదురింటావిడను బతిమాలింది. "అంటుకునేది కాదక్కా. జర మీ పిలగాన్ని పంపుండ్రి, మావోడు ఒక్కడే అయిండు."

"అంటుకోదని నాకెరుకనే సరళా, నేను సదువుకున్నదాన్నే గద" అంది ఆవిడ. పంపలేదు.

మీరైతే తప్పకుండా పంపేవారని మాకు తెలుసు.