అప్పాజీ నడవడి విచారణ

కాలువ లాకు మీద ఉద్యోగం ఖాళీ అయిందని తెలిసిన నాటి నుంచి అప్పాజీకి అన్నం సహించడం లేదు. సహించినా ఏం లాభం, అది మామగారి అన్నమాయె! ఇల్లరికం వచ్చింది మొదలు, అల్లుడు ముద్ద ఎత్తినప్పుడల్లా పల్లంరాజుగారు ఒక నిట్టూర్పు విడుస్తారు. లాకు ఉద్యోగానికి జీతం మాట అటుంచితే, సర్కారువారి ఇల్లు ఇస్తారు. ఆ ఇంట్లో మామగారు ఉండరు.

అర్జీ పుచ్చుకున్న దొరగారు, "నీ నడవడి మీ ఊళ్లో గుట్టుగా విచారిస్తాం. నువ్వు ఆ దరిదాపుల కనబడకూడదు" అన్నారు. దిష్టి తగులుతుందని అప్పాజీ ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. విచారణకు దొరగారి గుమాస్తా వచ్చే రోజు ఎలాగో కనుక్కుని, ఆ పొద్దున్నే తలంటుకుని, ఒకవేళ పిలిస్తే బాగుంటుందని కొత్త పంచె కట్టి, ఇంటి పక్క గడ్డిమేటు వెనక నక్కాడు. తెలివైనవాడు మరి.

గుమాస్తా వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చుని, ఎదురింటి బుల్లెమ్మను అడిగాడు.

"ఈ ఇంటి అప్పాజీగారు ఎలాంటివారండీ? చెడు అలవాట్లేమైనా ఉన్నాయా? ఒళ్లు గట్టిదేనా?"

ఆ ఊళ్లో మగవాడి గురించి ఇన్ని ప్రశ్నలు అడిగేది ఒక్క పెళ్లిసంబంధం వచ్చినప్పుడే. బుల్లెమ్మ చేతిలో చేట జారిపోయింది.

"ఎవరి తరపునండీ?"

"చెప్పకూడదండి. చాలా పెద్దవారు."

"ఆయనకి పెళ్లయిందండీ!"

"తెలుసండి. వాళ్లకేం అభ్యంతరం లేదు. భార్యను కూడా తెచ్చుకుని అక్కడే ఉండొచ్చు."

బుల్లెమ్మ ఒక్క పరుగున అప్పాజీ ఇంట్లోకి పోయింది. "ఓసి వీరవేణీ, నీ మొగుడు రెండో పెళ్లి చేసుకుంటున్నాడే!"

"అయ్యో అత్తా, అందుకే కాబోలు పొద్దున్నే తలంటుకున్నాడు!" అని వీరవేణి గొల్లుమంది. "కొత్త పంచె కూడా కట్టాడే!"

ఇంకేముంది, ఆడపిల్ల కాపురం నిలబెట్టడానికి ఊరు ఊరంతా కదిలింది. సంబంధం చెడగొట్టడంలో మనవాళ్ల శ్రద్ధ చూడవలసిందే. "తాగుతాడండి" అన్నారొకరు. "మూర్ఛలండి పాపం" అన్నారు ఇంకొకరు. చివరికి పల్లంరాజుగారు కండువా దులిపి ముందుకొచ్చారు.

"సొంత మామని, నేను చెబుతున్నాను రాసుకోండి. వాడికి బద్ధకం. చేతివాటం కూడా ఉందండి. మా ఇంట్లో రెండు చెంబులు పోయాయి."

అప్పాజీ ఇక ఆగలేకపోయాడు. నెత్తిన గడ్డితో బయటికి దూకాడు. "అన్నీ అబద్ధాలండీ! లాకు ఉద్యోగం కోసం వచ్చిన విచారణ ఇది!"

గుమాస్తా తాపీగా కలం సిరాలో ముంచాడు. "దాక్కుని వినే అలవాటు కూడా ఉంది. ఇది నేను కళ్లారా చూశాను."

"ఉద్యోగమని ముందే ఏడవొచ్చు కదయ్యా!" అంటూ ఊరంతా పడవ రేవు దాకా గుమాస్తా వెంటపడి, అప్పాజీ అంతటి యోగ్యుడు జిల్లాలోనే లేడని మొత్తుకుంది. ఆయన వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. ఆ రాత్రి అప్పాజీ అన్నం ముందు కూర్చుని నిజంగానే ఏడ్చాడు.

వారం తిరక్కుండా అదే గుమాస్తా నవ్వుతూ వచ్చాడు.

"ఉద్యోగం మీకేనండీ! మిగతా అభ్యర్థులందర్నీ వాళ్ల ఊళ్లవాళ్లు సాక్షాత్తూ దేవుళ్లన్నారు. అరిసెలూ పట్టు కండువాలూ ముందే పంచారని దొరగారు కనిపెట్టేశారు. ఎవరి నోరూ కొనని వారు మీరొక్కరేనట."

వీరవేణి పట్టలేని సంతోషంతో మూటలు కట్టబోయింది.

"అయితే ఒక షరతండీ" అన్నాడు గుమాస్తా. "ఇన్ని దుర్గుణాలున్న మనిషిని ఒంటరిగా వదలకూడదట. అల్లుడని కూడా చూడకుండా నిజం చెప్పిన పల్లంరాజుగారు లాకు ఇంట్లోనే మకాం ఉండి, మీ నడవడి ఎప్పటికప్పుడు దొరగారికి తెలియజేస్తూ ఉండాలి."

మర్నాడు అందరికంటే ముందు పల్లంరాజుగారి మంచం పడవెక్కింది. లోకంలో ఇల్లరికపు అల్లుళ్లు బోలెడుమంది; ఇల్లరికపు మామగారిని మాత్రం సర్కారువారు ఒక్క అప్పాజీకే మంజూరు చేశారు.