నడిమి గోడ, గులాబి నీళ్ళు

అంజవ్వ ఆ రోజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇల్లు సర్దుకోవాలి, పదింటికల్లా గోడకు సున్నం కొట్టించాలి, మూడింటికి మహిళా సంఘం మీటింగు తన ఇంట్లో జరిపించాలి. రెండేళ్ళుగా మీటింగులన్నీ పక్కింటి సుమలత ఇంట్లోనే జరుగుతున్నాయి. ఆమె ఇంట్లో నేలకు టైల్సున్నాయి, గోడలకు పుట్టీ ఉంది. సంఘం లీడరు నాగవ్వ అక్కడ కూర్చున్న ప్రతిసారీ "నీ ఇల్లు అద్దం లెక్కుంది సుమలతా" అంటుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అంజవ్వకు తాగుతున్న చాయ్ చేదవుతుంది.

బోధన్‌లోని ఆ గల్లీలో రెండిళ్ళకూ నడిమి గోడ ఒక్కటే. అటువైపు తెల్లగా మెరుస్తుంది. ఇటువైపు నేల నుంచి నడుమెత్తు దాకా చెమ్మ, దాని మీద నల్లటి బూజు. ఒకే ఇటుక, ఒకే సిమెంటు, కట్టింది ఒకే మేస్త్రీ. మరి నలుపంతా ఇటే ఎందుకు రావాలి? సుమలత తన నీళ్ళు ఇటు తోసేస్తోందని అంజవ్వ ఎప్పుడో తేల్చేసుకుంది. కావలసింది రుజువు ఒక్కటే.

మూడు నెలలు బతిమాలితే నాగవ్వ ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే మెలిక పెట్టింది.

"గోడ మంచిగ చేపియ్యి. బూజు వాసనకు నాకు దమ్ము లేస్తది. లేకుంటే ఎప్పటి లెక్కనే సుమలత ఇంట్ల కూసుందాం."

అందుకే ఆ పొద్దున అంజవ్వ ఇల్లంతా ఊడ్చి, తడి గోనెలో చుట్టిన బీడీ ఆకు మూటను కూడా పెరట్లోకి జరిపింది. బీడీలు చేసే ఇంట్లో ఆ మూట ఎప్పుడూ ఉండేదే. ఆకు నానితేనే చుట్టడానికి లొంగుతుంది.

ఆమె భర్త తుకారాం వర్ని వైపు పల్లెల్లో వరికోత మిషన్ నడుపుతాడు. కోతలు లేని రోజులు కనుక ఇంట్లో దొరికాడు. బ్రష్షు ముంచి గోడకు సున్నం పూశాడు. సున్నం అంటుకోలేదు సరికదా, మెల్లగా జారి అతని కాళ్ళ మీద పడింది. ఇక లాభం లేదని మేస్త్రీ షాహిద్‌ను పిలిచారు.

షాహిద్ గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు. "తడి మీద సున్నం ఆగది అక్కా. పైన ఎన్నిసార్లు పూసినా బూజు మళ్ళొస్తది. ముందుగాల నీళ్ళు ఏడికెల్లి వస్తున్నయో చూడాలె. గోడకు అటు పక్క ఏమున్నది?"

"సుమలత బాత్రూం," అంది అంజవ్వ. ఆ జవాబు రెండేళ్ళుగా ఆమె నాలిక చివరే ఉంది.

"గట్లనా? అయితే బాత్రూం మూలకు చిటికెడు రంగు కలిపిన నీళ్ళు పోసి చూడుండ్రి. ఇటు రంగొస్తే లీకు ఆడనే ఉన్నట్టు. నేను ఇంకో ఇంటి పని చూసుకొని వస్త," అని షాహిద్ బండెక్కి వెళ్ళిపోయాడు.

సుమలతను అడిగి బాత్రూంలోకి వెళ్ళవచ్చు. కానీ అడగడానికి అంజవ్వకు మనసొప్పలేదు.

"అడిగితే దానికి తెలుస్తది. తెలిస్తే లీకును మాయం చేస్తది."

"లీకును ఎట్ల మాయం చేస్తరే?" అన్నాడు తుకారాం.

"నీకు తెల్వది, ఊకో. డాబా మీద దాని టాంకి ఉన్నది గద. అండ్ల పోసి రా." వినాయక చవితికి బూందీలో వేయగా మిగిలిన ఎర్రరంగు డబ్బా అతని చేతిలో పెట్టింది.

"మేస్త్రీ చిటికెడే అన్నడు."

"టాంకి పెద్దగున్నది. మొత్తం పొయ్యి!"

తుకారాం మొత్తం పోశాడు. పోసి, బాగా కలవాలని మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టాడు కూడా. ఏ పనైనా శ్రద్ధగా చేయడం అతని బలహీనత.

అరగంట గడిచేసరికి పక్కింట్లోంచి కేక వినబడింది. సుమలత మొగుడు కృష్ణ కోటగిరిలో ఒక ఆఫీసులో అటెండరు. స్నానం సగంలో ఆపి, తువ్వాల చుట్టుకుని వీధిలోకి వచ్చేశాడు. ఒళ్ళు గులాబి, తువ్వాల గులాబి, చెవుల వెనక మరీ గులాబి.

"ఏం కృష్ణన్నా, పార్టీ మారినవా?" అని ఎవరో సైకిలు ఆపి మరీ అడిగారు.

సుమలత వంటింటి నల్లా తిప్పింది. గులాబి నీళ్ళు. "అయ్యో, నీళ్ళల్ల ఏమో పడ్డది!" అని వాకిట్లో మొత్తుకుంది. ఇక గల్లీ ఆగుతుందా? నల్లా పైపులో ఏదో జంతువు పడిందని ఒకరు, నిజాంసాగర్ నీళ్ళే ఎర్రబడ్డాయట అని ఒకరు. నాలుగిళ్ళవాళ్ళు పట్టి పెట్టుకున్న మంచినీళ్ళు మోరీలో పారబోశారు. సంగతి నాగవ్వకు చేరింది. మూడింటికి రావలసిన ఆమె పదకొండింటికే పన్నెండు మంది ఆడవాళ్ళతో దిగిపోయింది.

"మీటింగు ఇప్పుడే పెట్టాలె. సుమలత ఇల్లంత రంగు రంగుంది. నడువుండ్రి, అంజవ్వ ఇంట్ల కూసుందాం!"

అంజవ్వ మూడు నెలలు బతిమాలుకున్న భాగ్యం నాలుగు గంటల ముందే నడిచొచ్చింది, సున్నం పడని నల్లగోడ ముందుకు.

కూర్చోగానే నాగవ్వ దగ్గింది. దగ్గుతూ దగ్గుతూ మూలన నిలబడ్డ తుకారాంను చూసింది. "నీ చేతులేంది, గట్లున్నయి?"

తుకారాం చేతులు వెనక్కి దాచుకున్నాడు. అబద్ధం అతనికి చేతకాదు. "మా ఇంటామె పొయ్యమన్నది," అన్నాడు.

సుమలత మెల్లగా తిరిగింది. "అక్కా... నువ్వా?"

"అవ్, నేనే పోపిచ్చిన!" అంజవ్వ లేచి నిలబడింది. "నీ బాత్రూం నీళ్ళతోని నా గోడ ఖరాబైతున్నది. నీ ఇల్లు అద్దం, నా ఇల్లు బొగ్గు! ఇప్పుడు చూడుండ్రి అందరు, గులాబి రంగు ఇటు రాకుంటే నా పేరు అంజవ్వే కాదు!"

పన్నెండు మంది ఆడవాళ్ళు సీరియల్ చూసినట్టు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. పావుగంట గడిచింది. గోడ నల్లగానే ఉంది. ఈలోగా వాన చినుకులు మొదలయ్యాయి. ఎలాగైనా అక్కడి నుంచి తప్పించుకోవాలని చూస్తున్న తుకారాంకు పెరట్లోని మూట గుర్తొచ్చింది. పరుగెత్తి తెచ్చి, రోజూ పెట్టే చోటే గోడకు ఆనించి పెట్టాడు.

నల్లమచ్చ అంచు, మూట అంచు అచ్చంగా సరిపోయాయి. ముడి వేసిన చోట గోనె చెవి పైకి లేచి ఉంటే, గోడ మీద మచ్చకూ అక్కడే ఒక చెవి ఉంది.

సరిగ్గా అప్పుడే షాహిద్ వచ్చాడు. మూటను చూశాడు, గోడను చూశాడు. "ఇది పొద్దుగాల లేదు గదక్కా! రోజు ఈడనే పెడతవా? ఎన్నేండ్ల సంది?"

"ఇరవై," అంది అంజవ్వ.

"ఇంకేం లీకు? మూట తడి గోడ తాగుతున్నది. దాని కింద పీటెయ్యి, గాలి తగిలే తాన పెట్టు, గోడకు ఆనియ్యకు. మూతికి గుడ్డ కట్టుకొని బూజును బ్లీచింగ్ నీళ్ళతోని రుద్ది కడుగు. కిటికీ తెరిచిపెట్టు. నెల రోజులు ఎండినంక సున్నమెయ్యి."

సుమలత ఇంట్లోకి వెళ్ళి రెండు గులాబి చద్దర్లు తెచ్చి నేల మీద పడేసింది. "తెల్లయి. నీ మీటింగుల పరుస్తవని ఇద్దామనుకున్న. ఇందాకనే నల్లా కింద పెట్టి పిండిన."

అంజవ్వ ఆ చద్దర్ల మీదే కూలబడి ఏడ్చింది. "ఓర్వలేకపోయిన సుమలతా. నాగవ్వ నీ ఇల్లు మంచిగుందంటే నాకు కడుపు మండుతుండె. తప్పయింది."

"నీకొక్కదానికేనా మంట?" సుమలత ముక్కు చీదుకుని పక్కన కూర్చుంది. "కార్ఖానల నీ బీడీ ఒక్కటి తీసిపారెయ్యరు. నావి సగం పారేస్తరు. నా ఆకు తెల్లారేవరకే ఎండి పటపట పగులుతది. నీ ఆకు గంత మెత్తగ ఎట్లుంటదని రెండేండ్ల సంది నాకు నిద్ర లేదు. ఒక్కనాడన్న చెప్పినవా?"

అంటూనే ఆమె మూట వైపు చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. ఆ చూపును ఎవరూ పట్టించుకోలేదు. నాగవ్వకు దమ్ము లేచిందని అందరూ అరుగు మీదికి వెళ్ళే హడావుడిలో ఉన్నారు.

అంజవ్వ షాహిద్ చెప్పినట్టే చేసింది. గోడ ఎండింది, సున్నం పట్టింది, తెల్లబడింది. బీడీలు కొంచెం పగులుతున్నాయి కానీ ఆమె లెక్కచేయలేదు. సుమలత బీడీలు మాత్రం కార్ఖానాలో ఇప్పుడు ఒక్కటీ తీసిపారేయడం లేదు. ఆ తర్వాతి నెల నుంచి సంఘం మీటింగులు అంజవ్వ ఇంట్లోనే జరుగుతున్నాయి. సుమలత ఇంట్లో గోడకు చెమ్మ వచ్చిందట.